మగవాళ్ళ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు మహిళా రెఫరీ: పరుగు లెక్క, నిలబడే చోటు, పట్టే ఏళ్ళు

అడిగింది ఇదీ: వయసు ఇరవై. యూనివర్సిటీ జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడి, మోకాలి గాయం తరవాత ఆట మానేశారు. ఇప్పుడు రెఫరీ అవుదామనుకుంటున్నారు. మహిళల మ్యాచ్‌ల దగ్గరే ఆగిపోకుండా మగవాళ్ళ ప్రొఫెషనల్ మ్యాచ్‌ల దాకా వెళ్ళగలరా, ఎన్నేళ్ళు పడుతుంది, దానికోసం ఉద్యోగం వదిలేయాలా అని.

వెళ్ళచ్చు. దారి ఇప్పటికే కొందరు వేసి ఉంచారు. అయితే చాలామంది అనుకునేట్టు ఇది ముఖ్యంగా ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. మైదానంలో ఇరవై ఇద్దరు మగవాళ్ళ మధ్య నిలబడటం రెండు నెలల్లో అలవాటైపోతుంది. అసలు అడ్డంకులు రెండు. ఒకటి మగవాళ్ళ ఫిట్‌నెస్ పరీక్ష. రెండోది, మధ్య మెట్లలో తగినన్ని మగవాళ్ళ మ్యాచ్‌లు దొరకకపోవడం. ఈ రెండింటికీ మొదటి రోజు నుంచే సిద్ధపడినవాళ్ళే పైకి వచ్చారు.

ముందు ఏళ్ళ లెక్క. ఫ్రాన్స్ రెఫరీ స్టెఫనీ ఫ్రాపార్‌ను తీసుకోండి. 1983లో పుట్టింది, పదమూడేళ్ళకే విజిల్ పట్టింది. 2011లో ఫ్రాన్స్ మూడో డివిజన్, 2014లో రెండో డివిజన్ అయిన లీగ్ 2, 2019 ఏప్రిల్ 28న అమియెన్, స్ట్రాస్‌బూర్ల మధ్య మొదటి డివిజన్ లీగ్ 1 మ్యాచ్. ఆ తరవాతవన్నీ గబగబా వచ్చాయి. అదే ఏడాది జులైలో లియాన్‌లో మహిళల ప్రపంచ కప్ ఫైనల్, ఆగస్టులో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్, చెల్సీల యూరప్ సూపర్ కప్, 2020 డిసెంబర్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో యువెంటస్, డైనమో కీవ్ మ్యాచ్, 2022 డిసెంబర్ 1న ఖతార్ ప్రపంచ కప్‌లో జర్మనీ, కోస్టారికా మ్యాచ్. పత్రికలన్నీ ఈ చివరి తేదీలే రాస్తాయి. మీరు చూడాల్సింది 2011కీ 2019కీ మధ్య ఉన్న ఎనిమిదేళ్ళు. పేరు ఎవరికీ తెలియకుండా, శుక్రవారం రాత్రి చిన్న ఊళ్ళలో, రెండో మూడో డివిజన్ మగవాళ్ళ మ్యాచ్‌లు చేసిన కాలం అది. జర్మనీలో బిబియానా స్టైన్‌హౌస్‌కు రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్ అయిన బుండెస్‌లీగా దాకా 2007 నుంచి 2017 వరకు, అంటే పదేళ్ళు పట్టింది. ఇంగ్లండ్‌లో రెబెకా వెల్చ్ 2021 ఏప్రిల్‌లో నాలుగో డివిజన్ మ్యాచ్ చేసి, 2023 డిసెంబర్ 23న ఫుల్‌హామ్, బర్న్‌లీ మ్యాచ్‌తో ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టింది. ఆ రెండున్నరేళ్ళు చూసి ఇదేదో త్వరగా అయ్యే పని అనుకోకండి, దానికి ముందు పదేళ్ళకు పైగా కింది స్థాయిలో చేసింది. మొత్తానికి ఇరవై ఏళ్ళకు మొదలుపెడితే ముప్పై రెండు నుంచి ముప్పై అయిదు మధ్య ఎక్కడో తేలుతుందని లెక్క వేసుకోండి.

మన దగ్గర ముందుగా రాష్ట్ర సంఘం గానీ జిల్లా సంఘం గానీ పెట్టే రెఫరీ కోర్సులో చేరాలి. రాత పరీక్ష, ఫిట్‌నెస్ పరీక్ష, మైదానంలో పరిశీలన ఉంటాయి. జిల్లా, రాష్ట్ర స్థాయి కేటగిరీల నుంచి మెట్లెక్కుతూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) కేటగిరీ 1 దాకా వెళ్తే జాతీయ రెఫరీ అవుతారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఇచ్చే అంతర్జాతీయ రెఫరీల జాబితా ఆ పైన. దానికి పేర్లు పంపేది జాతీయ సమాఖ్యే. జాబితా ఏడాదికోసారి, జనవరి 1 నుంచి డిసెంబర్ 31 వరకే చెల్లుతుంది. ఒకసారి బ్యాడ్జి వచ్చిందంటే శాశ్వతం అనుకోకూడదు, ప్రతి ఏడాదీ పరీక్ష నెగ్గి నిలబెట్టుకోవాలి. ఆట వదిలి ఈ వైపు రావడం కొత్తేమీ కాదు. గోవాకు చెందిన మరియా రెబెల్లో దేశం తరఫున ఆడి, తరవాత రెఫరీ అయ్యారు, మగవాళ్ళ జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ మ్యాచ్‌లో విజిల్ పట్టారు. గోవాకే చెందిన ఉవెనా ఫెర్నాండెస్ 2016లో జోర్డాన్‌లో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో అసిస్టెంట్ రెఫరీగా చేశారు.

ఇక్కడే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. రెఫరీనా, అసిస్టెంట్ రెఫరీనా? మన మైదానాల్లో ఇంకా లైన్స్‌మన్ అనే పిలుస్తారు, మీరు జెండా పట్టినా సరే. మొదటి రెండేళ్ళు రెండూ చేయండి, చేయక తప్పదు కూడా. ఆ తరవాత మాత్రం ఒకటే ఎంచుకోవాలి, ఎందుకంటే పరీక్షలు వేరు, కావలసిన చూపు వేరు. ఖతార్‌కు 36 మంది రెఫరీలు, 69 మంది అసిస్టెంట్లు వెళ్ళారు. ఆడవాళ్ళు రెఫరీల్లో ముగ్గురు, అసిస్టెంట్లలో ముగ్గురు. అసిస్టెంట్ చోట్లు దాదాపు రెట్టింపు కాబట్టి అదే సులువైన దారి అని చాలామంది సలహా ఇస్తారు. మీ మోకాలి సంగతి తెలిశాక నేనైతే ఆ సలహా ఇవ్వను. అసిస్టెంట్ల పరీక్షలో దిశ మార్చే పరుగు ఒకటుంది. 10 మీటర్లు ముందుకు, 8 మీటర్లు పక్కకు అడుగులేస్తూ, మళ్ళీ 8 మీటర్లు ఇటు పక్కకు, చివర 10 మీటర్లు ముందుకు. మగవాళ్ళ కొలత 10 సెకన్లు, ఆడవాళ్ళది 11. కాలు నాటి ఒక్కసారిగా ఆగి తిరగడమే ఇందులో పనంతా. మ్యాచ్‌లోనూ తొంభై నిమిషాలూ అదే పని, చివరి నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా పక్కకు జరుగుతూ ఉండాలి. లిగమెంట్ గాయం అయిన మోకాలికి అంతకంటే కష్టమైన పని లేదు. రెఫరీ పరుగులో ఎక్కువ భాగం వంపు దారుల్లో, ముందుకే సాగుతుంది. ఏది ఎంచుకున్నా మొదటి పరుగుకు ముందే ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని, గాయపడిన కాలు బలం రెండో కాలితో పోలిస్తే ఎంత ఉందో కొలిపించుకోండి. తేడా స్పష్టంగా ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఇక ఫిట్‌నెస్. ఫిఫా రెఫరీ పరీక్షకు రెండు భాగాలు. మొదటిది 40 మీటర్ల పరుగు ఆరు సార్లు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. అంతర్జాతీయ స్థాయిలో ఆడవాళ్ళ కొలత ప్రతి పరుగుకూ 6.4 సెకన్లు, మగవాళ్ళది 6.0. ఆరింటిలో ఒకటి తప్పితే ఏడో పరుగు ఇస్తారు, రెండు తప్పితే ఇంటికే. రెండో భాగం 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక, ఇలా నలభై సార్లు. 400 మీటర్ల ట్రాక్ మీద సరిగ్గా పది చుట్లు. ఆడవాళ్ళకు పరుగు 17 సెకన్లు, నడక 20. మగవాళ్ళకు పరుగు 15, నడక 18.

మగవాళ్ళ మ్యాచ్‌కు వెళ్ళే మహిళా రెఫరీ మగవాళ్ళ కొలతే దాటాలి, ఇందులో సడలింపు లేదు. కాగితం మీద తేడా చిన్నగానే కనిపిస్తుంది. లెక్క కడితే 75 మీటర్లు 17 సెకన్లలో అంటే గంటకు దాదాపు 16 కిలోమీటర్లు, 15 సెకన్లలో అంటే 18. పైగా మొత్తం పరీక్ష 24 నిమిషాల 40 సెకన్ల నుంచి 22 నిమిషాలకు తగ్గుతుంది, అంటే వేగం పెరిగిందనుకున్నంతలోనే విశ్రాంతి కూడా తగ్గింది. మహిళల కొలతకు నాలుగైదేళ్ళు అలవాటుపడ్డ శరీరాన్ని ఇరవై ఎనిమిదో ఏట మగవాళ్ళ కొలతకు మార్చబోయేవాళ్ళకు అక్కడే తొడ వెనక కండరం పట్టేస్తుంది. అందుకే ఇప్పుడే, మీకు ఎవరూ అడగని రోజుల్లోనే, 15 సెకన్ల పరుగు, 18 సెకన్ల నడక, అంటే 15-18ను లక్ష్యంగా పెట్టుకోండి.

దానికి తొందరపడకూడదు. ట్రాక్ మీద 75 దగ్గర, 100 దగ్గర కోన్లు పెట్టుకుని, ఫోన్‌లో బీప్ శబ్దం రికార్డు చేసుకోండి. మొదట 17 సెకన్ల పరుగు, 24 సెకన్ల నడకతో ఇరవై నాలుగు సార్లు. వారానికి నాలుగేసి పెంచుకుంటూ నలభైకి చేరండి. తరవాత పరుగు అలాగే ఉంచి నడకను 22కు, ఆ పైన 20కి తగ్గించండి. ఇది హాయిగా పూర్తవుతోందనిపించాక పరుగును 15కు తెచ్చి నడకను మళ్ళీ 22కు పెంచండి. ఆ తరవాత 20, ఆఖరికి 18. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు వారాలు ఉండాలి. ఆరు నెలలు పట్టినా తప్పులేదు. పరుగునూ నడకనూ ఒకేసారి తగ్గించడం అందరూ చేసే తప్పు.

రెండో తప్పు మొదటి పది పరుగుల్లో జరుగుతుంది. ఒంట్లో ఉత్సాహం ఉంది కదా అని 75 మీటర్లను 13 సెకన్లకే ముగించి, మిగిలిన రెండు సెకన్లు నిలబడతారు. ముందు చేరినందుకు ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు, కాళ్ళు మాత్రం అలసిపోయి ఇరవై అయిదో పరుగు దగ్గర పిక్కలు బిగుసుకుంటాయి. సరిగ్గా బీప్ పడేటప్పటికి గీత దగ్గర పాదం పడేలా పరుగు అలవాటు చేసుకోండి. పాదం సమయానికి గీత దగ్గర పడకపోతే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి పరీక్ష ముగిసినట్టే. 25 మీటర్లను 18 సెకన్లలో దాటడమంటే గంటకు అయిదు కిలోమీటర్లు, బస్టాండ్‌కు నడిచే నడకే. అక్కడ కంగారుపడి గబగబా నడవకండి, లోతుగా ఊపిరి వదలండి.

నలభై మీటర్ల పరుగుకు చేతి గడియారాన్ని నమ్ముకోవద్దు. స్నేహితురాలు పట్టిన స్టాప్‌వాచ్‌లో 6.0 కనిపిస్తే పరీక్షలో ఎలక్ట్రానిక్ గేట్ దగ్గర అది 6.2 అవుతుంది, బటన్ నొక్కే వేలు ఎప్పుడూ ఆలస్యంగానే కదులుతుంది కాబట్టి. చేతి గడియారం మీద 5.8 వచ్చేదాకా సరిపోయిందనుకోకండి. మొదటి గేట్‌కు మీటరున్నర వెనక నుంచి బయల్దేరతారు, ఆ మీటరున్నరలో తల ఎత్తకుండా ఒళ్ళు ముందుకు వంచి తోసుకోవడం నేర్చుకుంటే పదో వంతు సెకను కలిసొస్తుంది. రెండు భాగాల మధ్య ఇచ్చే విరామం ఆరు నుంచి ఎనిమిది నిమిషాలే. కాబట్టి విడివిడిగా సాధన చేసి, పరీక్ష రోజున మొదటిసారి రెండూ కలిపి చేయడం ప్రమాదం. నెలకొకసారైనా అదే వరసలో, అదే విరామంతో చేయండి.

వారంలో కఠినమైన పరుగులు రెండు రోజులు చాలు, మ్యాచ్ ఉన్న వారం ఒక్క రోజే. తొడ వెనక కండరానికి నార్డిక్ వ్యాయామం వారానికి రెండుసార్లు. మోకాళ్ళ మీద నిటారుగా నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకుంటే, ముందుకు నిదానంగా వాలడం అది. అయిదేసి చొప్పున రెండు సెట్లతో మొదలుపెట్టండి, మొదటి వారం బాగా నొప్పులుంటాయి, భయపడకండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ట్రాక్ మీద దిగడం తెలివితక్కువ పని. పగలంతా కాగిన నేల ఆరింటికి కూడా వేడి చిమ్ముతూనే ఉంటుంది. పొద్దున్న అయిదున్నరకు వెళ్ళండి.

రక్తం సంగతి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను చెప్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు సాధన చేసినా 75 మీటర్ల పరుగు ముప్పయ్యోది దాటడం లేదంటే, కాళ్ళను తిట్టుకునే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ రెండూ చేయించుకోండి. హిమోగ్లోబిన్ ఒకటే చూస్తే సరిపోదు. అది మామూలుగానే ఉండి, ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటి ఉండచ్చు. మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులోనే వేసుకోండి, వాటితోపాటు టీ తాగకండి, తాగితే ఇనుము ఒంటికి పట్టదు. నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. సాధన వివరాలు రాసుకునే పుస్తకంలో నెలసరి తేదీలు కూడా రాసుకుంటే, ఏ వారం ఒంట్లో ఎలా ఉంటుందో మూడు నెలల్లో తెలిసిపోతుంది. పరీక్ష తేదీ మన చేతిలో ఉండదు గానీ, ఆ వారం ఎంత సాధన చేయాలన్నది మన చేతిలోనే ఉంటుంది.

ఇంత చెప్పాక ఒక మాట. పరీక్ష నెగ్గినంత మాత్రాన మ్యాచ్ చేయగలరని కాదు. మగవాళ్ళ ఆటలో పదహారు సెకన్లలో ఒక గోల్ నుంచి మరో గోల్ దాకా బంతి వెళ్ళిపోతుంది. వాళ్ళ ఫార్వర్డ్‌తో పోటీపడి పరుగెత్తి గెలిచే రెఫరీ, మగవాళ్ళలో కూడా, ఎవరూ లేరు. గెలిచేది ముందే బయల్దేరినవాళ్ళు. కార్నర్ కిక్ వచ్చింది, గోల్‌కీపర్ బంతి పట్టేశాడు. అతను తల ఎత్తి దూరంగా చూశాడంటే విసరబోతున్నాడని అర్థం, మీరు అప్పటికే తిరిగి నాలుగడుగులు వేసి ఉండాలి. డిఫెండర్ నడుము ఎటు తిరిగిందో చూడండి, బంతి అటే వెళ్తుంది. మ్యాచ్‌కు ముందు రెండు జట్ల ఆటా ఒకటి రెండు వీడియోల్లో చూసి ఎవరు ఎడమ కాలితో కొడతారు, పొడుగు పాసులు ఎవరివి, కార్నర్ దగ్గర ఎవరు ఎవర్ని పట్టుకుంటారు అన్నది చిన్న కాగితం మీద రాసుకోండి. పది నిమిషాల పని ఇది, మ్యాచ్‌లో రెండు వందల మీటర్ల పరుగు మిగులుస్తుంది.

నిలబడే చోటు గురించి కొత్తవాళ్ళకు ఒక మూఢనమ్మకం ఉంది, దగ్గరగా ఉంటే బాగా కనిపిస్తుందని. బంతి వెనక ఎనిమిది మీటర్ల దూరంలో తిన్నగా ఉన్న రెఫరీకి ఆటగాడి వీపు తప్ప ఏమీ కనపడదు. పద్దెనిమిది మీటర్ల దూరంలో పక్క నుంచి చూసేవారికి ఇద్దరి మధ్య ఖాళీ కనిపిస్తుంది, ఏ కాలు దేనికి తగిలిందో తెలుస్తుంది. మైదానానికి అడ్డంగా ఒక మూల నుంచి ఎదుటి మూలకు వాలుగా తిరగడం నేర్పేది ఇందుకే. ఆట ఎప్పుడూ మీకూ అసిస్టెంట్‌కూ మధ్యలో ఉండాలి. అయితే ఆ వాలు గీతను పట్టాల్లా పట్టుకుని తిరగకండి. పెనాల్టీ ఏరియాలోకి బంతి వెళ్తోందంటే గీత వదిలేసి ఏరియా అంచు దాకా వెళ్ళాల్సిందే. ముప్పై మీటర్ల దూరం నుంచి ఇచ్చిన పెనాల్టీ సరైనదే అయినా ఎవరూ నమ్మరు, పది మీటర్ల నుంచి ఇస్తే తప్పయినా సగం మంది ఒప్పుకుంటారు. ఇది న్యాయమా అని అడక్కండి.

పాసు వెళ్ళే దారిలో నిలబడటం రెండో పెద్ద లోపం, ముఖ్యంగా మిడ్‌ఫీల్డ్ ఆడి వచ్చినవాళ్ళలో. ఆటగత్తెగా ఖాళీ కనిపిస్తే అందులోకి వెళ్ళడం మీకు అలవాటు. రెఫరీగా ఆ ఖాళీ వదిలిపెట్టాలి. 2019 నుంచి నియమం మారింది. బంతి రెఫరీకి తగిలి, దానివల్ల బంతి అవతలి జట్టు చేతికి వెళ్ళినా, మంచి దాడి మొదలైనా, నేరుగా గోల్‌లోకి పోయినా ఆట ఆపి డ్రాప్ బాల్ ఇవ్వాలి, అంటే రెఫరీ బంతిని కిందికి వదిలి ఆట మళ్ళీ మొదలుపెట్టాలి. మ్యాచ్‌లో ఒకసారి జరిగితే పొరపాటు, మూడుసార్లు జరిగితే పరిశీలకుడు మీ నివేదికలో ఆ మాటే రాస్తాడు.

మగవాళ్ళ మ్యాచ్‌కు మొదట వెళ్ళినప్పుడు విజిల్ ఎక్కువ ఊదేస్తారు. అండర్-14 మ్యాచ్‌లలో అలవాటైన కొలత అది. బంతి అందే దూరంలో ఉండగా భుజానికి భుజం తాకిస్తూ తోసుకోవడం ఫౌల్ కాదు. నియమావళి పన్నెండో నియమంలో మూడు మెట్లున్నాయి, అవే మీకు త్రాసు. అజాగ్రత్తగా చేశాడు, ఫౌల్ మాత్రమే. ఎదుటివాడికి దెబ్బ తగులుతుందని లెక్క చేయకుండా చేశాడు, పసుపు కార్డు. మితిమీరిన బలం వాడాడు, ఎర్ర కార్డు. మొదటి పది నిమిషాల్లో వచ్చే మొదటి గట్టి ఫౌల్ దగ్గర మీరు ఏం చేస్తారన్నది ఇరవై ఇద్దరూ చూస్తారు. కఠినంగా ఉన్నానని చూపించడానికి అక్కడ అనవసరంగా కార్డు తీస్తే, మిగిలిన ఎనభై నిమిషాలూ అదే కొలతకు కట్టుబడాలి, ఆఖరికి జట్టుకు ఎనిమిదేసి మంది మిగులుతారు. దానికి బదులు గట్టిగా విజిల్ ఊది, పరుగున దగ్గరికెళ్ళి, ఆటగాణ్ణి గుంపులోంచి పక్కకు పిలిచి, రెండు వాక్యాల్లో చెప్పి పంపండి. ఆ మనిషే మళ్ళీ చేస్తే అప్పుడు కార్డు.

మాట తీరు మన దగ్గర ప్రత్యేకమైన సమస్య. స్థానిక లీగుల్లో అరుపులన్నీ అన్నా, భయ్యా, తమ్ముడూ అనే సాగుతాయి. మిమ్మల్ని మేడమ్ అంటారు, కంగారులో సర్ అని కూడా అంటారు, పట్టించుకోకండి. మీరు మాత్రం ఎవర్నీ అన్నా అని గానీ తమ్ముడూ అని గానీ పిలవద్దు. ఒక జట్టులో ఒకర్ని అన్నా అన్నారంటే అవతలి జట్టు వెంటనే చుట్టరికం కలిపేస్తుంది. నంబర్‌తో పిలవండి: "ఏడో నంబర్, ఇటు రండి." గొంతు పెంచితే స్వరం పలచబడుతుంది, అందుకని పెంచకుండా దించి మాట్లాడండి. నలుగురైదుగురు చుట్టుముడితే వాళ్ళ మధ్య నిలబడకుండా ఖాళీ వైపు పది అడుగులు నడవండి. నిజంగా మాట్లాడాలనుకున్నవాడు మాత్రమే వెంట వస్తాడు, మిగిలినవాళ్ళ వేడి ఆ పది అడుగుల్లో చల్లారుతుంది. ఇప్పుడు చాలా పోటీల్లో కెప్టెన్ ఒక్కడే రెఫరీతో మాట్లాడాలనే పద్ధతి వచ్చింది, టాస్ దగ్గరే ఇద్దరు కెప్టెన్లకూ అది గుర్తుచేయండి.

ఆడది కాబట్టి అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది. 2011 జనవరిలో వుల్వ్స్, లివర్‌పూల్ మ్యాచ్‌కు సియాన్ మాసీ అసిస్టెంట్‌గా ఉంటే, ఆడవాళ్ళకు ఆఫ్‌సైడ్ ఎవరైనా చెప్పాలేమో అని ఇద్దరు పేరున్న టీవీ వ్యాఖ్యాతలు జోకులు వేశారు. ఆమె మాత్రం ఆ మ్యాచ్‌లో సూది మొనంత తేడా ఉన్న చోట ఆఫ్‌సైడ్ కాదని సరిగ్గా తేల్చింది. ఆ తరవాత ఆ ఇద్దరూ ఆ ఛానెల్‌లో లేరు. జర్మనీలో 2015లో ఎర్ర కార్డు తిన్న ఒక ఆటగాడు స్టైన్‌హౌస్‌తో, మగవాళ్ళ ఫుట్‌బాల్‌లో ఆడవాళ్ళకు చోటు లేదనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. అతని క్లబ్ అతని చేత అమ్మాయిల మ్యాచ్‌కు రెఫరీ పని చేయించింది. మీకు అలాంటిది ఎదురైతే మైదానంలో వాదించకండి. లింగాన్ని అవమానించే మాట అంటే అది అవమానకరమైన భాష, నియమావళిలో దానికి నేరుగా ఎర్ర కార్డు ఉంది. కార్డు చూపించి, అతను అన్న మాటను అన్నట్టే, అక్షరం మార్చకుండా, అందమైన మాటలతో కప్పకుండా మ్యాచ్ నివేదికలో రాయండి. సిగ్గుపడి 'అసభ్యంగా మాట్లాడాడు' అని రాస్తే క్రమశిక్షణ కమిటీ ముందు ఆ కేసు నిలవదు.

నియమావళి పదిహేడు నియమాలు, వాటిని రూపొందించే సంస్థ ఇఫాబ్ వెబ్‌సైట్‌లోనూ యాప్‌లోనూ ఉచితంగానే దొరుకుతాయి, ఏటా జూన్, జులై నాటికి మార్పులు వస్తాయి, కాబట్టి సీనియర్లు ఇచ్చే పాత జిరాక్సులు చదవకండి. రాత పరీక్షలో మార్కులు పోయేది పెద్ద విషయాల్లో కాదు. త్రో-ఇన్ విసిరిన బంతి ఎవరికీ తగలకుండా సొంత గోల్‌లోకి పోతే ఏమివ్వాలి? కార్నర్. ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ నేరుగా ఎదుటి గోల్‌లోకి పోతే? గోల్ కిక్. 2025-26 సీజన్ నుంచి గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే కార్నర్, చివరి అయిదు సెకన్లు చెయ్యెత్తి వేళ్ళతో చూపించాలి. పెనాల్టీ కొట్టేవాడు పొరపాటున రెండు కాళ్ళతోనూ బంతిని తాకి అది గోల్ అయితే ఇప్పుడు మళ్ళీ కొట్టించాలి. ఇలాంటివి ప్రశ్న, జవాబు రూపంలో రోజుకు పది రాసుకోండి.

సంచిలో ఏముండాలన్నది క్లుప్తంగా. విజిళ్ళు రెండు, లోపల గోళీ లేనివి, ఎందుకంటే గోళీ ఉన్నవి వానలో తడిసి మూగబోతాయి. గడియారాలు రెండు, ఒకటి ఆపకుండా నడిచేది, ఒకటి ఆపుతూ నడిపేది. పసుపు కార్డు చొక్కా జేబులో, ఎర్రది నిక్కరు వెనక జేబులో, కోపంలో చెయ్యి తప్పు జేబులోకి పోకుండా. పెన్సిల్ మేలు, తడి కాగితం మీద పెన్ను రాయదు. రెఫరీ చొక్కాలు ఎక్కువగా మగవాళ్ళ కొలతకే వస్తాయి, భుజాల దగ్గర దర్జీ చేత సరిచేయించుకోండి, లేకపోతే మాటలు వినిపించే రేడియో తీగ జారిపోతూ ఉంటుంది. ఆ రేడియో మ్యాచ్ రోజే మొదటిసారి చేతికొస్తే దాని బరువు, బెల్టు బిగువు మొదటి అరగంట చికాకు పెడతాయి. స్పోర్ట్స్ బ్రా మీద దాన్ని ఎలా కట్టుకోవాలో ముందే ఒకసారి వేసుకుని పరుగెత్తి చూసుకోండి.

బట్టలు మార్చుకునే గది అంతకంటే ముఖ్యం. జిల్లా మైదానాల్లో రెఫరీలకు ఒకటే గది ఉంటుంది, అదీ ఉంటే. మ్యాచ్ రోజు పొద్దున్న అడిగితే స్టోర్ రూమ్ చూపిస్తారు. నియామకం వచ్చిన రోజే నిర్వాహకులకు మెసేజ్ పెట్టండి: తాళం వేసుకునే గది, దగ్గరలో నీళ్ళున్న టాయిలెట్ కావాలని. మీరు రాసింది మొహమాటంగా కాకుండా బంతుల సంఖ్య అడిగినంత మామూలుగా ఉండాలి.

మగవాళ్ళ మ్యాచ్‌లు దొరకడం గురించి. మహిళా రెఫరీ అనగానే నియామకాలు చూసేవాళ్ళు అలవాటుగా మహిళల లీగ్, బాలికల టోర్నీలు ఇస్తారు. వాటిని కాదనకండి, పెద్ద పోటీల అనుభవం అక్కడే వస్తుంది. కానీ ఏడాదికి చేసిన మ్యాచ్‌లలో మగవాళ్ళవి ఎన్ని అన్న లెక్క మీరే ఉంచుకుని, సీజన్ చివర రాష్ట్ర రెఫరీల కమిటీకి ఆ లెక్కతోనే వెళ్ళండి. హైదరాబాద్‌లో స్థానిక డివిజన్ లీగ్ మ్యాచ్‌లు, కాలేజీల, సంస్థల టోర్నీలు, రాష్ట్ర స్థాయి సీనియర్ పోటీలు, వీటిలో ముందు అసిస్టెంట్‌గానో, మైదానం బయట కోచ్‌ల బెంచీల దగ్గర ఉండే ఫోర్త్ అఫీషియల్‌గానో అడగండి. ఫోర్త్ అఫీషియల్ పనిని చిన్నచూపు చూస్తారు గానీ, కోచ్‌లు మిమ్మల్ని తెలుసుకునేది అక్కడే. జపాన్ రెఫరీ యోషిమి యమషిత కూడా 2021లో మూడో డివిజన్ మ్యాచ్‌తోనే జె-లీగ్‌లో మొదలుపెట్టింది. 2024 జనవరి 13న మగవాళ్ళ ఆసియా కప్‌లో మన జట్టు ఆస్ట్రేలియాతో ఆడిన మ్యాచ్‌కు రెఫరీ ఆమే, ఆ టోర్నీ చరిత్రలో తొలి మహిళా రెఫరీ. అంతకు ముందు 2017లో కోల్‌కతాలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్ మ్యాచ్‌కు స్విట్జర్లాండ్‌కు చెందిన ఎస్తేర్ స్టౌబ్లీ విజిల్ పట్టింది. ఫిఫా మగవాళ్ళ పోటీలో ఒక మహిళ రెఫరీ కావడం అదే మొదలు. ఈ రెండు మ్యాచ్‌ల వీడియోలూ శబ్దం తీసేసి, బంతిని కాకుండా రెఫరీని మాత్రమే చూస్తూ ఒకసారి పూర్తిగా చూడండి. ఎప్పుడు నడుస్తున్నారు, ఎప్పుడు బయల్దేరుతున్నారు అన్నదొక్కటే గమనించండి.

చివరిగా ఉద్యోగం. మానేయద్దు. స్టైన్‌హౌస్ పోలీసు అధికారిగా పని చేస్తూనే బుండెస్‌లీగా చేసింది. వెల్చ్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో పని చేసేది. ఖతార్‌కు వెళ్ళిన అమెరికా అసిస్టెంట్ కాథరిన్ నెస్‌బిట్ రసాయన శాస్త్రం పాఠాలు చెప్పే ప్రొఫెసర్, పూర్తికాలం రెఫరీ అయ్యాకే ఆ ఉద్యోగం వదిలింది. మన దగ్గర కింది స్థాయి మ్యాచ్ ఫీజు ప్రయాణానికీ తిండికీ సరిపోతే గొప్ప, అదీ చేతికి రావడానికి కొన్నిసార్లు నెలలు పడుతుంది. కాబట్టి ఉద్యోగం ఉంచుకుని, అది ఏ రకం ఉద్యోగం అన్నది మాత్రం ఆలోచించండి. శని, ఆదివారాలు ఖాళీ ఉండి, పది రోజుల టోర్నీకి రాష్ట్రం దాటి వెళ్ళాలంటే సెలవు దొరికేది కావాలి. స్కూళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయురాలి పని సరిగ్గా అతుకుతుంది, మైదానం కూడా చేతిలో ఉంటుంది. రాత్రి షిఫ్టులుండే ఉద్యోగమైతే నిద్ర చెడి తొడ కండరాల గాయాలు వెంటపడతాయి, మిగతావన్నీ బాగున్నా దాన్ని మార్చుకోవడమే మంచిది. పెళ్ళి, పిల్లల సంగతి కూడా లెక్కలో వేసుకోండి. ప్రసవం తరవాత మళ్ళీ పరీక్ష నెగ్గితేనే మ్యాచ్‌లు వస్తాయి, కాబట్టి తిరిగి 15-18కి చేరడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టచ్చని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.